ఉత్తర్వుల ప్రకారం విషాదం

రాబోయే అరవై రోజుల్లో విద్యార్థుల చేత ప్రపంచస్థాయి విషాదం ఒకటి తయారు చేయించబోతున్నట్టు సాంస్కృతిక, ప్రభుత్వ భవనాల శాఖల మంత్రిగారు సోమవారం ఉదయం పదిన్నరకు ప్రకటించారు. రెండు శాఖలూ ఆయనవే. సాంస్కృతిక శాఖ మంత్రిగా ఆయన ప్రకటిస్తుంటే, భవనాల శాఖ మంత్రిగా తల పంకించడం చూసి వేదిక మీద ఉన్నవాళ్ళు మురిసిపోయారు.

"ఇంతకాలం మన పిల్లలు ఎవరో రాసిన విషాదాలే ఆడుతూ వచ్చారు," అన్నారాయన మైకు సవరించుకుని. "ఇకమీదట ఆ ఖర్మ లేదు. మన విషాదం మనమే తయారు చేసుకుంటాం. దానికి కావలసిన ముడిసరుకంతా మన దగ్గరే పుష్కలంగా ఉంది!"

చప్పట్లు మారుమోగాయి. ఆ మాటలన్నీ కాగితంలో ఉన్నవే. మంత్రిగారు కాగితంలో లేనిది మాట్లాడరు, కాగితంలో ఉన్నది వదిలిపెట్టరు. ఇరవై ఏళ్ళ ప్రజాజీవితంలో ఆయన తు చ తప్పకుండా పాటించిన నియమం అదొక్కటే. ఒకసారి ఏదో ఫ్యాక్టరీ ప్రారంభోత్సవంలో పొరపాటున ఆయన చేతికి మంటలార్పే సిలిండరు తాలూకు సూచనల కాగితం వచ్చింది. ఆయన ఒక్క క్షణం కూడా తడుముకోలేదు. 'ముందుగా పిన్ను లాగుము' దగ్గర మొదలుపెట్టి, 'మంట మొదలు వైపు గురిపెట్టుము' దగ్గర గొంతు పెంచి, 'ఏటేటా తనిఖీ చేయించుము' అని ముగించేసరికి సభ మొత్తం లేచి నిలబడింది. మర్నాడు పత్రికలు 'మంత్రి నోట నిప్పులు' అని రాశాయి.

విషాదం ఎవరి పద్ధతిలో ఉండాలో కూడా కాగితంలోనే ఉంది. రెండున్నర వేల ఏళ్ళ కిందట, ఊరు ఊరంతా రాతిమెట్ల మీద కూర్చుని నాటకం చూసే రోజుల్లో, రాజుల పతనాల గురించి రాసిన ఒక మహానాటకకర్త పద్ధతిలో ఉండాలి. ఆయన పేరు పలకడానికి నోరు తిరగదు కాబట్టి ఉత్తర్వుల్లో 'సదరు మహాకవి' అని వేశారు.

ఏ కాలేజీకి ఈ బాధ్యత అప్పగించాలనే ప్రశ్న వచ్చినప్పుడు, రాతి స్తంభాలున్న కాలేజీ అయితే పాతకాలం వాసన వస్తుందని అధికారులు సలహా ఇచ్చారు. ఆ లెక్కన ఉత్తర్వు వచ్చి ఒక ప్రభుత్వ కాలేజీ ప్రిన్సిపాల్ గారి బల్ల మీద పడింది. అక్కడి నుంచి అది టెంపరరీ మేడమ్ ఒళ్ళో పడడానికి ఎంతోసేపు పట్టలేదు.

టెంపరరీ మేడమ్ సాహిత్యం చెబుతుంది. ఆమె చేరి పదకొండేళ్ళయింది. చేరినప్పుడు ఆర్డర్లో 'తాత్కాలికంగా' అని వేశారు. ఆ ఒక్క మాట మాత్రం కదలకుండా పర్మనెంటుగా ఉండిపోయింది. పిల్లలు వెనకాల, ప్రిన్సిపాల్ గారు ఎదుటే, ఆమెను ఆ పేరుతోనే పిలుస్తారు. ఆమె కూడా పలుకుతుంది.

"అమ్మా, అరవై రోజుల్లో మనం ఒక విషాదం ఇవ్వాలి," అన్నారు ప్రిన్సిపాల్ గారు.

"పోయినేడాది ఒకటి ఇచ్చాం కద సార్."

ప్రిన్సిపాల్ గారు లేచి కిటికీ తలుపు వేసి వచ్చి కూర్చున్నారు. "అది విషాదం కాదమ్మా. దుర్ఘటన. రికార్డుల్లో అలాగే ఉంది. రెండూ కలపకండి."

పోయినేడాది సంగతి ఇది. మొదటి అంతస్తులో మేడమ్ క్లాసుగది ముందు పొడుగాటి వరండా ఉంది. ఆ చివర నాటకాల హాలు. వరండా పిట్టగోడలో పగులు వచ్చింది. మేడమ్ భవనాల శాఖ మంత్రిగారికి ఉత్తరం రాసింది. ప్రిన్సిపాల్ గారి ద్వారా పంపవలసిన పద్ధతిలోనే పంపింది. పది రోజులకు దాని కాపీ తిరిగి వచ్చింది. దాని మీద మంత్రిగారి పేషీ ముద్ర, 'చూడబడినది' అన్న మాట, పక్కన సంతకం ఉన్నాయి. పగులు పెరిగింది. మళ్ళీ రాసింది. మళ్ళీ చూడబడింది. అలా నాలుగు ఉత్తరాలు చూడబడ్డాయి. నాలుగోది తిరిగి వచ్చింది సోమవారం. గురువారం నాడు వానలో తడిసిన రికార్డు పుస్తకం ఆరబెట్టుకోవడానికి ఫైనలియర్ కుర్రాడొకడు వరండాలోకి వచ్చి పిట్టగోడ మీద చేతులు ఆనించాడు. నాలుగడుగుల గోడతో సహా కింద పడ్డాడు. ఆసుపత్రికి చేరేలోపే పోయాడు.

శాఖ వెంటనే విచారణ జరిపించింది. 'సదరు విద్యార్థి గోడపై అవసరమునకు మించి ఆనుకొనుటయే కారణము' అని తేలింది. గోడ నిర్దోషిగా బయటపడింది. పడిపోయిన మేర ఒక తాడు కట్టి, ఆనుకోరాదని బోర్డు పెట్టారు. గాలికి ఆ బోర్డు కూడా కింద పడిపోయింది.

మేడమ్ ఆ నాలుగు కాపీలను ఆకుపచ్చ ఫైల్లో పెట్టి బీరువాలో దాచింది. నాలుగు ఉత్తరాలు రాశారు కదా అని ఎవరైనా అంటే ఆమెకు ఓదార్పుగా ఉండేదేమో. ఎవరూ అనలేదు. ఉత్తరాలు రాసినదాన్ని వరండాలోకి వెళ్ళే తలుపుకు ఒక తాళం ఎందుకు వేయలేకపోయానన్న ప్రశ్న ఆమెను రోజూ ఆ తాడు దగ్గరే ఆపేది. ఆ ఉత్తరాల్లో ఏముందో పంపిన తనకు తప్ప లోకంలో ఇంకెవరికీ తెలియదన్న సంగతి ఆమెను లోపల్లోపల తినేస్తోంది.

పోయిన కుర్రాడి చెల్లెలు ఇప్పుడు సెకండియర్లో ఉంది. మందపాటి అద్దాలు పెట్టుకుంటుంది, అందరూ కళ్ళజోడు అంటారు. అన్నయ్య పోయినప్పటి నుంచి ఆ పిల్ల కాలేజీలో ఒక్కసారి కూడా ఏడవడం ఎవరూ చూడలేదు. నోటీసు బోర్డులో ఉత్తర్వు అంటించిన రోజే స్టాఫ్‌రూమ్ గుమ్మంలో నిలబడింది.

"నాటకం నేను రాస్తాను మేడమ్."

మేడమ్ కాదనలేకపోయింది. మర్నాడు క్లాసులో ఇరవై మందిని కూర్చోబెట్టి సదరు మహాకవి పద్ధతి వివరించింది. పిల్లలు ఆయనకు అప్పటికే పెద్దాయన అని పేరు పెట్టేశారు.

"పెద్దాయన నాటకాల్లో దుర్మార్గుడు ఉండడర్రా. మంచి రాజే ఉంటాడు. ఒకే ఒక్క లోపం ఉంటుంది. అందరూ చెబుతూనే ఉంటారు, చెవిన పెట్టడు. చివరికి తెలుసుకుంటాడు. తెలుసుకునేసరికి జరగాల్సింది జరిగిపోతుంది."

వెనక బెంచీ నుంచి ఒకడు చెయ్యెత్తాడు. "ఇందులో మనం కొత్తగా కల్పించాల్సింది ఏముంది మేడమ్?"

"రాజు తెలుసుకుంటాడు చూడు, అదీ," అంది కళ్ళజోడు, వెనక్కి తిరక్కుండానే.

పన్నెండు రోజుల్లో నాటకం రాసేసింది. పేరు 'కోటగోడ'. ఒక రాజు, కోటగోడకు ఒక కాపలావాడు. గోడ బీటలు వారుతోందని కాపలావాడు రాజుకు ఉత్తరాల మీద ఉత్తరాలు రాస్తాడు. రాజు మంచివాడే గానీ ఉత్సవాల్లో తీరిక లేక ఒక్కటీ విప్పడు. ఒకనాడు రాజకుమారుడే వెళ్ళి ఆ గోడను ఆనుకుంటాడు. దూత వచ్చి చెబుతాడు. అప్పుడు రాజు ఉత్తరాలు విప్పి ఒక్కొక్కటే చదివి, కిరీటం తీసి కింద పెడతాడు. మేడమ్ అది చదివి, ఒక్క కామా కూడా మార్చకుండా పైకి పంపింది.

పైనుంచి పరిశీలక సంఘం దిగింది. సంఘమంటే మంత్రిగారి పీఏ, ఆయన ఏమన్నా తలూపడానికి ఇద్దరు సభ్యులు.

"ముందుగా ఈ మహాకవి ఏ పార్టీ?" అన్నారు పీఏ గారు.

"ఆయన పోయి రెండున్నర వేల ఏళ్ళయిందండీ," అంది మేడమ్.

"అది సరే. పోయేనాటికి ఏ పార్టీ?"

"అప్పట్లో పార్టీలు లేవండీ."

"అంటే ఇండిపెండెంటు." సభ్యులిద్దరూ రాసుకున్నారు. "సరే, పోయారు కాబట్టి ఇబ్బంది లేదు. ఇప్పుడు ఈ రాజుకి ఏదో లోపం ఉందని రాశారు?"

"ఉత్తరాలు విప్పడండీ."

"రాజుకి లోపం ఉండకూడదు."

"లోపం లేకపోతే విషాదం రాదండీ."

"ఎందుకు రాదు? లోపం గోడకి పెట్టండి. ఆ గోడ ఎవరు కట్టించారు?"

"రాజుగారి తాతగారు," అంది కళ్ళజోడు.

"తప్పు. అంతకుముందు పాలించిన వేరే వంశం వాళ్ళు కట్టించారు. రాసుకోమ్మా." పీఏ గారు పేజీ తిప్పి భృకుటి ముడిచారు. "రాజకుమారుడు చనిపోతాడా? స్టేజీ మీద?"

"స్టేజీ మీద కాదండీ," అంది మేడమ్. "పెద్దాయన పద్ధతిలో చావులు కళ్ళెదుట చూపించరు. తెర వెనక జరుగుతాయి. దూత వచ్చి చెబుతాడంతే."

పీఏ గారి మొహం చేటంత అయింది. "ఆహా! ఎంత ముందుచూపండీ ఆ మహానుభావుడికి! మా శాఖ పద్ధతి కూడా అక్షరాలా అదే. కాకపోతే, అంతా తెర వెనక చక్కగా జరిగిపోయాక మళ్ళీ ఈ దూత రావడం ఎందుకు?"

"చెప్పడానికి సార్."

"ఏం చెబుతాడు?"

"చనిపోయాడని."

"పరిస్థితి నిలకడగా ఉందని చెప్పించండి."

"చనిపోయాడు సార్," అంది కళ్ళజోడు.

"రాజకుమారుడేగా? నిలకడగా ఉన్నాడమ్మా. రాసుకో."

ఆ పిల్ల తల దించుకుని రాసుకుంది. పెన్ను మొనకు కాగితం చిరిగింది. మేడమ్ బల్ల కింద ఆ పిల్ల చెయ్యి పట్టుకుంది.

చివరి రంగం దగ్గరకు వచ్చేసరికి పీఏ గారు మెత్తబడ్డారు. "ప్రజలు రాసిన ఉత్తరాలు స్వయంగా విప్పి చదివే రాజు! ఇది ఎవ్వరూ ముట్టుకోవద్దు. ఆ ఉత్తరాల్లో ఏముండాలో మాత్రం మేం రాసి పంపిస్తాం. అంతా అయ్యాక చూస్తే ఈ రాజు బంగారం లాంటి మనిషి. ఇలాంటి వేషం బయటివాళ్ళకి ఇవ్వడం ధర్మం కాదు."

ఆ విధంగా రాజు వేషం మంత్రిగారే వేయడానికి పెద్దమనసుతో ఒప్పుకున్నారు. మాటలు కంఠతా పడతారా అని మేడమ్ అడిగిస్తే నవ్వారట. "చేతికి కాగితం ఇవ్వమను. ఇరవై ఏళ్ళుగా నాకు ఎవరూ కంఠతా పట్టించలేదు," అన్నారట.

పెద్దాయన పద్ధతిలో కోరస్ ఉంటుంది, అంటే రాజుతో మాట్లాడే పౌరుల బృందం. పౌరులు కావాలంటే పంపించే ఏర్పాటు పార్టీకి ఎప్పటినుంచో ఉంది కాబట్టి, ఒకే రంగు చొక్కాలతో నలభై మంది కార్యకర్తలు వచ్చారు. వాళ్ళకు పెద్ద, స్లోగనన్న అని పిలవబడే ఆసామి. ఆయన క్రమశిక్షణ చూసి తీరాలి. ఎవరైనా మాట్లాడుతూ ఊపిరి తీసుకోవడానికి ఆగితే చాలు, ఆ ఖాళీలో ఆయన చెయ్యెత్తుతాడు, నలభై మంది జై కొడతారు. ఏళ్ళ తరబడి సాధన.

రిహార్సల్సుకు మంత్రిగారికి తీరిక లేదు. ఆయన బదులు కిరీటం వచ్చింది. దాన్ని కుర్చీలో పెట్టి కానిచ్చారు. దూత వేషం కళ్ళజోడుది.

"రాజా, గోడ బీటలు వారుతున్నది, వినవా?" అని కోరస్ విలపించాలి.

"రాజా, గోడ బీటలు వారుతున్నది..." అని నలభై మంది ఊపిరి తీసుకున్నారు. స్లోగనన్న చెయ్యెత్తాడు. "జై!"

"అక్కడ జై కాదన్నా, ఏడుపు," అంది మేడమ్.

"చేతికి అలవాటైపోయిందమ్మా," అన్నాడు స్లోగనన్న నొచ్చుకుంటూ. "ఏడుపు మాకెప్పుడూ ఇవ్వలేదు." మళ్ళీ చేయించారు. మళ్ళీ జై అన్నారు. ఖాళీ కుర్చీలోని కిరీటం ఎంతో ప్రశాంతంగా ఆలకించింది.

ప్రదర్శన ముందురోజు పేషీ నుంచి నాలుగు ఉత్తరాలు వచ్చాయి. రంగు రిబ్బను కట్టి ఉన్నాయి. మొదటి దాంట్లో కోటగోడను చూసి ప్రజలు ఆనందబాష్పాలు రాలుస్తున్నారని ఉంది. మిగతా మూడింటిలో ఆ ఆనందబాష్పాలే ఇంకా పెద్దవయ్యాయి.

కళ్ళజోడు వాటిని చదివి, మడిచి, రిబ్బను కట్టేసింది. "మేడమ్, మీ ఉత్తరాలు మీ దగ్గరే ఉన్నాయా?"

మేడమ్‌కి ఏ ఉత్తరాలని అడగవలసిన అవసరం రాలేదు. ఆ ఉదయమే పీఏ గారు నవ్వుతూ ఒక మాట చెప్పి వెళ్ళారు. ఆమెను పర్మనెంట్ చేసే ఫైలు మంత్రిగారి బల్ల మీదే ఉందట, నాటకం సాఫీగా అయిపోతే అదే చేత్తో సంతకం అయిపోతుందట. పదకొండేళ్ళుగా ఆ సంతకం కోసం ఆమె చూడని దారి లేదు. ఆమె బీరువా తాళంచెవి చేతిలోకి తీసుకుంది.

"వాటిని పైకి చదివితే ఏమవుతుందే తల్లీ? మీ అన్నయ్య తిరిగొస్తాడా?"

"రాడు మేడమ్. కానీ వాడు అవసరానికి మించి ఆనుకున్నాడని కాగితం మీద ఉంది. అమ్మ దాన్ని రోజూ తీసి చదువుతుంది. ఒక్కసారి ఇది కూడా ఎవరైనా పైకి చదవాలి."

మేడమ్ బీరువా తీసింది. ఆకుపచ్చ ఫైలు ఆ పిల్ల చేతిలో పెట్టింది. గుండెల మీది బరువు కొంచెం జరిగినట్టనిపించింది.

ప్రదర్శన రోజు కాలేజీని గుర్తుపట్టడం కష్టమైంది. మంత్రిగారి ఫ్లెక్సీలు లేని స్తంభం లేదు. అన్నిటికంటే పెద్ద ఫ్లెక్సీ మొదటి అంతస్తు వరండాలో, గోడ లేని చోట, తాడుకు బిగించి కట్టారు. మంత్రిగారు రెండు చేతులూ జోడించి నవ్వుతున్నారు. చూసినవాళ్ళెవరికీ దాని వెనక గోడ లేదన్న అనుమానం రాదు.

మేడమ్ పొద్దున్నే వచ్చి చూసి హడలిపోయింది. దాని ముందు నాలుగు బెంచీలు అడ్డం పెట్టించింది. పీఏ గారు వచ్చి వాటిని తీయించారు.

"అక్కడ గోడ లేదండీ!" అంది మేడమ్.

"లేదని ఎవరికి తెలుస్తుందండీ? ఎంత బాగా కవరైందో చూడండి. బెంచీలు పెడితే సార్ నడుం దాకా కనపడరు."

హాలు కిటకిటలాడింది. మంత్రిగారు కిరీటం పెట్టుకుని సింహాసనం మీద కూర్చున్నారు. కోరస్ గోడ గురించి జై కొట్టింది. ప్రతి రంగంలోనూ రాజు చేతికి కాగితం అందించడం, ఆయన చదవడం, జనం చప్పట్లు కొట్టడం సాఫీగా సాగిపోయింది. దూత పరుగున వచ్చి, రాజకుమారుడి పరిస్థితి నిలకడగా ఉందని చెప్పాడు. ముందు వరసలో కూర్చున్న అధికారులు ఊపిరి పీల్చుకున్నారు. తర్వాత దూత మోకాళ్ళ మీద కూర్చుని, రిబ్బను కట్టిన నాలుగు ఉత్తరాలు రాజు చేతిలో పెట్టాడు. పక్క తెర చాటున మేడమ్ స్తంభం పట్టుకుంది.

మంత్రిగారు రిబ్బను విప్పారు. గొంతు సవరించుకున్నారు.

"అయ్యా, మా కళాశాల మొదటి అంతస్తు పిట్టగోడలో వేలు దూరేంత పగులు వచ్చినదని తమరికి మనవి చేసుకుంటున్నాను."

పీఏ గారు కుర్చీలో నిటారుగా కూర్చున్నారు. మంత్రిగారు కాగితంలో ఉన్నది వదిలిపెట్టే మనిషి కాదు. రెండోది తీశారు.

"అయ్యా, ఆ పగులులో ఇప్పుడు నా చెయ్యి దూరుతున్నది."

మూడోది తీసేసరికి ఆయనకు రసం అందింది. గొంతు తగ్గించారు. "అయ్యా, ముట్టుకుంటే గోడ కదులుతున్నది. తమరు ఒక్క మనిషిని పంపి చూపించగలరు. చూస్తే చాలు, తెలిసిపోతుంది."

నాలుగోది చదివేటప్పుడు హాల్లో చీమ చిటుక్కుమంటే వినిపించేది. "అయ్యా, ఇది నాలుగవ ఉత్తరము. వాన వస్తే మా పిల్లలందరూ ఈ వరండాలోనే నిలబడి చూస్తారు. వద్దంటే వినే వయసు కాదు. ఎవరి బిడ్డయినా పడితే ఆ తర్వాత నేను ఎవరికి ఉత్తరము రాయాలో కూడా తెలియచేయగలరు."

మంత్రిగారు ఆగారు. స్లోగనన్నకు ఇంతకంటే మంచి ఖాళీ ఎప్పుడూ దొరికి ఉండదు. అతను చెయ్యెత్తలేదు. ఎత్తవలసిన చేత్తో కళ్ళు తుడుచుకున్నాడు. నలభై మంది పౌరులూ మొట్టమొదటిసారి నోరు మూసుకుని పౌరుల్లా నిలబడ్డారు. దూత వేషంలో ఉన్న పిల్ల కళ్ళజోడు తీసేసి వెక్కి వెక్కి ఏడుస్తోంది. తెర చాటున మేడమ్ కూడా ఏడ్చింది. ఎవరు చదివితేనేం, తన ఉత్తరం లోకం విన్నది.

మంత్రిగారు కాగితం అడుగున ఉన్నది కూడా చదివారు. "ప్రభుత్వ భవనాల శాఖ మంత్రి పేషీ. చూడబడినది." తర్వాత కాగితాన్ని కళ్ళకు దగ్గరగా పెట్టుకున్నారు. "ఈ సంతకం ఎవరిదో గానీ, తెలియడం లేదు." నాటకం మొత్తంలో ఆయన తడబడింది ఆ ఒక్క సంతకం దగ్గరే. కిరీటం తీసి కింద పెట్టారు.

హాలు లేచి నిలబడింది. చప్పట్లు తగ్గాక మంత్రిగారు రుమాలుతో కళ్ళు ఒత్తుకుని మైకు అందుకున్నారు. చేతిలో కాగితం లేదు, అయినా మాట్లాడారు. అంతగా కదిలిపోయారు.

"మిత్రులారా, పూర్వం రాజుల కాలంలో భవనాల శాఖ ఎంత అధ్వాన్నంగా ఉండేదో ఈ పిల్లలు కళ్ళకు కట్టించారు. ఆ రోజులు పోయినందుకు మనమంతా సంతోషించాలి." దూతను దగ్గరకు పిలిచి భుజం తట్టారు. "ఎంత సహజంగా ఏడ్చావమ్మా! ఎక్కడ నేర్చుకున్నావు?"

"ఇక్కడే సార్. పోయినేడాది."

"భేష్," అన్నారు మంత్రిగారు ప్రిన్సిపాల్ గారి వైపు తిరిగి. "మీ కాలేజీలో శిక్షణ బావుంది."

ప్రిన్సిపాల్ గారు నమస్కారం పెట్టారు. తెర చాటున మేడమ్ కళ్ళు తుడుచుకోవడం ఆపేసింది.

హాల్లో చోటు దొరకని జనం కింద ఆవరణలో గుమిగూడి ఉన్నారు. స్లోగనన్న తేరుకున్నాడు. "అన్నా, కింద జనం మిమ్మల్ని చూడాలంటున్నారు. కిరీటంతో ఒక్కసారి వరండాలోకి రండన్నా."

మంత్రిగారు కిరీటం మళ్ళీ పెట్టుకుని వరండాలోకి నడిచారు. నలభై మంది ఆయన వెనకాల కదిలారు. తన ఫ్లెక్సీ కనిపించగానే ఆయన మొహం విప్పారింది. నేరుగా అటే వెళ్ళారు.

మేడమ్ తెర తోసుకుని పరిగెత్తింది. "సార్, ఆగండి! అటు వెళ్ళకండి, అక్కడ గోడ లేదు!"

"సార్, గోడ లేదు సార్!" కళ్ళజోడు ఆమెకంటే గట్టిగా అరిచింది. దూత వేషంలో ఉన్న పిల్ల అరవడం చూసి, నాటకం ఇంకా అయిపోలేదనుకుని నలభై మందీ జై కొట్టారు.

గుమ్మం దగ్గర పీఏ గారు రెండు చేతులూ చాచి అడ్డం నిలబడ్డారు. "ఏంటండీ మేడమ్ ఇది? ఉత్తరాల సంగతి తర్వాత తేలుస్తాను. ముందు ఈ కేకలేంటి?"

"ఆయన ఆనుకోబోతున్నారండీ! దారి వదలండి!"

"ఏదైనా ఉంటే రాసివ్వండి. నోటిమాటగా చెబితే ఎలా? పదకొండేళ్ళ సర్వీసున్నవాళ్ళు, పద్ధతి మీకు నేను చెప్పాలా?"

మేడమ్ ఆయన భుజం మీదుగా చూసింది. ఒకే రంగు చొక్కాల అవతల కిరీటం ఒకటి తళుక్కుమంటూ ఇంకా ముందుకు వెళుతోంది. పక్కనుంచి కళ్ళజోడు ఆమె చేతిలో ఒక కాగితం, పెన్ను పెట్టింది. మేడమ్ కాగితాన్ని గోడకు ఆనించి 'అయ్యా, ఇది ఐదవ ఉత్తరము' అని మొదలుపెట్టి, ఒక్క వాక్యం రాసి ఇచ్చింది.

పీఏ గారు శాంతించారు. కాగితం అందుకుని, సంచిలోంచి ముద్ర తీసి, దాని మీద నోటితో ఆవిరి ఊది, 'చూడబడినది' అని నెమ్మదిగా ఒత్తారు. సిరా ఆరడం కోసం ఆయన కాగితాన్ని అటూ ఇటూ ఆడిస్తూ ఉండగా బయట జైకొట్టడం ఉన్నట్టుండి ఆగిపోయింది.